పర్సులో రెండు లడ్డూలు

మా అత్తగారు సీరియళ్ళు చూస్తారు గానీ నమ్మరు. పట్టుచీర, మెడనిండా నగలు, రూపాయి బిళ్ళంత బొట్టుతో అర్ధరాత్రి వంటింట్లో నిలబడి కోడలి పాలల్లో ఏదో కలిపే ఆవిణ్ణి చూసి, "ఇంత ముస్తాబుతో ఈవిడ ఎప్పుడు పడుకుంటుందే? పొద్దున్న పాలవాడికి తలుపు తీసేదెవరు?" అంటారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. నేను బి.ఏ. తెలుగులో పాత్రపోషణ మీద పేజీలకి పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ మూడేళ్ళలో ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

నేను అప్పుడప్పుడూ కథలు రాస్తానని మీకు తెలుసు కదా. స్నేహితురాళ్ళు అడుగుతుంటారు, కథలో మనుషులు నిజం మనుషుల్లా ఎలా వస్తారని. పెద్దగా జవాబు చెప్పే స్థాయి నాది కాదు. కానీ ఈ మధ్య మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఆ ప్రశ్న నన్ను కొన్ని నెలలు వదల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

సీరియల్ అత్తగారి ఇబ్బంది ఆవిడ చెడ్డది కావడం కాదు. చెడ్డవాళ్ళు లోకంలో ఉన్నారు, మన బంధువుల్లోనూ ఉన్నారు. ఆవిడకి తను చెడ్డదాన్నని తెలిసిపోవడం, అదీ ఇబ్బంది. మన ఇళ్ళల్లో ఎవరికీ అలా తెలియదు. పొద్దున్నుంచీ కోడలిని సాధించిన అత్తగారిని పిలిచి అడగండి, "నేను చూసుకోకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో" అంటుంది. నిజంగానే అలా అనుకుంటుంది కూడా.

కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు గుర్తున్నాడా? పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవై ఇంట్లో కూర్చుంటే, చిన్నదాన్ని ముసలి లుబ్ధావధాన్లుకి డబ్బుకి ఇచ్చేయడానికి సిద్ధపడ్డ తండ్రి. చేస్తున్న పని చూస్తే రాక్షసుడు. కానీ ఆ మనిషి మీసాలు మెలెయ్యడు, వికటంగా నవ్వడు. ఎంతసేపూ కోర్టు వ్యాజ్యాలు, ముక్కు మీద కోపం, ఇంటి లెక్కలు. సంసారం ఈదుకొస్తున్న పెద్దమనిషిననే ఆయన ధీమా. మనం ఆయన్ని చూసి నవ్వుతాం. నవ్వుతూ ఉండగానే మన పెదనాన్నో మేనమామో గుర్తొచ్చి నవ్వు కాస్త ఆగుతుంది.

ఆ నాటకం గురించి ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ అంతటితో వదిలెయ్యలేదు. మళ్ళీ మొత్తం తిరగరాసి పెంచి 1909లో రెండో కూర్పు వేశారు. ఇవాళ మనం మురిసిపోయే మధురవాణి, తన నియమాలు తనకున్న ఆ మధురవాణి, పూర్తిగా విచ్చుకున్నది ఆ రెండో కూర్పులోనే. మధ్యలో పన్నెండేళ్ళు. ఒక మనిషిని తెలుసుకోవడానికి అంత మహానుభావుడికే అంతకాలం పడితే, కూర పొయ్యి మీద పెట్టి అది ఉడికేలోపు కథ రాసే నాలాంటి వాళ్ళ సంగతి చెప్పేదేముంది.

ఇంక మా సంగతికి వస్తాను.

మావారికి ఒక మేనత్తగారున్నారు. మా మామగారికి అక్కగారు. పేరెందుకు గానీ, రావులపాలెం అత్తయ్యగారంటాం. డెబ్బై దాటాయి. ఉన్నవాళ్ళే. కొడుకు అమెరికాలో ఉంటాడు, ఊళ్ళో సొంత మేడ, కొబ్బరితోట కౌలు వస్తుంది. ఆవిడ ఏ పెళ్ళికి వచ్చినా, గృహప్రవేశానికి వచ్చినా, భోజనాల దగ్గర రెండు లడ్డూలో రెండు కాజాలో జేబురుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకుంటారు. ఎవరూ చూడట్లేదనుకుంటారు. అందరూ చూస్తారు. మా పిల్లలకి అదో ఆట, "అమ్మా, బామ్మ ఇవాళ ఎన్ని?" అని.

నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒకసారి ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళ సీసా తీస్తూ చూశాను. పైఅరలో ఒక స్టీలు డబ్బా. మూత సరిగ్గా పట్టలేదు. లోపల లడ్డూలు, రాళ్ళలా గట్టిపడిపోయి, ఒకదానికొకటి అంటుకుపోయి. ఏ పెళ్ళివో. ఆవిడ తినలేదు. ఎవరికీ పెట్టలేదు. ఊరికే ఉన్నాయి.

ఆ డబ్బా చూసినప్పట్నుంచీ నాకు ఆవిడ మీద ఒక కుతూహలం. అంతవరకూ 'కక్కుర్తి' అనే ఒక్క మాటలో ఆవిణ్ణి సర్దేశాం కదా. కక్కుర్తి ఉన్న మనిషి తినాలి కదా మరి!

పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' చదివారా? 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. అందులో రైల్లో అడుక్కునే ఒక ఆవిడ ఉంటుంది. నియమాలూ సూత్రాలూ పెట్టుకుని బతికే ఒక పెద్దమనిషి పర్సు దొంగిలిస్తుంది. ఆ మనిషే తుఫాను రాత్రి భయంతో వణుకుతున్న ఆయన్ని పొదివి పట్టుకుని కాస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేను, ఇంతకీ ఈవిడ మంచిదా, దొంగా అని తేల్చుకోవాలని చూశాను. ఆ రెండూ ఒక మనిషిలోనే ఉంటాయి. ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యదు. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే ఆవిడ నిజంగా మనకి కనిపిస్తుంది. ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది ఒక దొంగో, ఒక దేవతో. అలాంటివాళ్ళు నాకెక్కడా ఎదురు పడలేదు.

మా అత్తగారిని కదిపాను. ఆవిడకి వదినగారు కదా, తెలియని సంగతి ఉండదు. పప్పు ఏరుతూ చెప్పారు. "మా వదినగారు కాపురానికి వెళ్ళిన ఇంట్లో పద్దెనిమిది మంది. కొట్టుగది తాళంచెవి వాళ్ళ అత్తగారి బొడ్లో. బెల్లం ముక్క కావాలన్నా అడగాలి. ఈవిడకి ఏభై దాటాక గానీ ఆ తాళం చేతికి రాలేదు. వచ్చేసరికి ఆస్తులు పంచుకున్నారు, ఎవళ్ళ పొయ్యి వాళ్ళది. కొట్టుగదిలో ఖాళీ జాడీలు ఉన్నాయి." చెప్పి, ఏరిన పప్పు చేటలోంచి గిన్నెలో పోసి లేచి వెళ్ళిపోయారు.

కథ రాసేవాళ్ళకి ఇలాంటిది దొరికితే పండగ. వెంటనే మనసు పరిగెడుతుంది: అందుకే ఆవిడ లడ్డూలు దాస్తుంది! కానీ నాకు ఆ 'అందుకే' అనే మాట మీద కొంచెం అనుమానం. డాక్టరు చీటీ రాసినట్టు ఉంటుంది. అదే ఇంట్లో ఆవిడ తోడికోడళ్ళు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళకీ తాళంచెవి దొరకలేదు. ఒకావిడ చేతికి ఎముక లేకుండా పంచిపెట్టే మనిషి అయింది, ఒకావిడ తన అత్తగారి కంటే గట్టిగా తాళం వేసుకుంది. ఒకే దెబ్బ నలుగురికి తగిలితే నాలుగు రకాలుగా వాస్తుంది. చిన్నప్పుడు ఇలా జరిగింది కాబట్టి పెద్దయ్యాక ఇలా చేసింది అని కథలో రాసేస్తే చదివేవాళ్ళు 'ఓహో' అనుకుని పేజీ తిప్పేస్తారు. తాళంచెవి కథలో ఉండొచ్చు. బొడ్లో వేలాడుతూ, నడిచినప్పుడు చప్పుడు చేస్తూ ఉండొచ్చు. అది కారణం అని చెప్పే పని మాత్రం రచయిత్రి పెట్టుకోకూడదు అనిపిస్తుంది నాకు.

అబ్బూరి ఛాయాదేవి గారి 'సుఖాంతం' చూడండి. 2005లో 'తన మార్గం' కథలకి సాహిత్య అకాడమీ అందుకున్న ఆవిడే. ఆ కథలో ఆవిడకి కావలసింది ఒక్కటే, కంటినిండా నిద్ర. అంతే. నగలు కాదు, ప్రేమ కాదు, విప్లవం కాదు. చిన్నప్పట్నుంచీ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. ఆ నిద్ర చివరికి ఎలా దొరికిందో నేను చెప్పను, చదవనివాళ్ళు చదవండి. ఆవిడ మనస్తత్వం గురించి పెద్ద మాటలేవీ అక్కర్లేకుండానే, మధ్యాహ్నం రెండింటికి నడుం వాల్చగానే కాలింగ్ బెల్ మోగిన ప్రతి ఆడదీ 'ఇది నేనే' అనుకుంటుంది. మనిషికి ఏం కావాలో తెలిస్తే చాలా దూరం వచ్చినట్టే. అది ఎంత చిన్న కోరికైతే అంత నిజంగా ఉంటుంది.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయం కూడా అంతే. అతను పిరికివాడని ఒకసారి చెప్పి ఊరుకోరు. ఎవరు ఏ మాటన్నా అది అతని చెవిలో ఎలా పడుతుందో, పడ్డాక లోపల ఎంత పెద్దదవుతుందో చూపిస్తారు. నేను ఆ నవల మా ఆయనకి ఇచ్చాను. యాభై పేజీలు చదివి, "మా ఆఫీసులో ఒకతనున్నాడు" అని మొదలుపెట్టారు.

మన ఇళ్ళల్లో మనసులు బయటపడే దారులు వేరే ఉంటాయి. మా అమ్మకి కోపం వచ్చిందని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. గిన్నెలు చెప్పేవి. మామూలు రోజు పక్కన పెట్టే మూత ఆ రోజు పై నుంచి పడేది. నాన్నగారికి కాఫీ ఇచ్చేటప్పుడు గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేది. ఏడుపు వచ్చినా అంతే, స్నానాలగదిలో కుళాయి కాస్త ఎక్కువసేపు తిరిగేది. కథల్లో ఆడవాళ్ళు తలగడ మీద పడి వెక్కి వెక్కి ఏడుస్తుంటారు. ఎనిమిది మంది ఉన్న రెండు గదుల ఇంట్లో అలా ఏడవడానికి తలగడ ఎక్కడుంది, చోటెక్కడుంది?

పిలుపులు కూడా అంతే. కొడుక్కి ర్యాంకు వస్తే "మావాడు". ఫెయిలైతే "మీ అబ్బాయి". బండి మీద నుంచి పడి వస్తే "వీడు". భర్త పేరు చెప్పని ఆవిడ ఆయన మీద విసుగు వచ్చినప్పుడు "ఆ మహానుభావుడు" అంటుంది. ఒక్క పిలుపు మారిస్తే పేరా రాయాల్సిన పని తప్పుతుంది. ఇది మాత్రం నేను క్లాసులో కాదు, పెళ్ళిళ్ళలో నేర్చుకున్నాను.

అలాగని నిజం మనుషులే కథకి ప్రాణం అని నేననను. యద్దనపూడి గారి 'సెక్రటరీ'లో రాజశేఖరం లాంటి మగాడు నాకు తెలిసి గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. అయినా మా అమ్మ చదివింది, నేను చదివాను. ఎందుకంటే జయంతి ఆత్మాభిమానం నిజం. ఆ పిల్ల ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసే తీరు నిజం. అంత నిజం ఉంటే కారుల్లో తిరిగే రాజకుమారుణ్ణి కూడా క్షమించేస్తాం!

కిందటేడు మాఘమాసంలో మా బంధువుల పెళ్ళి. మా వైపు కుర్రాడొకడు రావులపాలెం అత్తయ్యగారు కాజాలు చుట్టుకుంటూ ఉండగా ఫోనులో వీడియో తీశాడు. వెనక సినిమా పాట తగిలించి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నలభై ముగ్గురున్న గ్రూపు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా. అందులో అత్తయ్యగారు కూడా ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చెయ్యడానికని ఆవిడకి ఫోను కొనిచ్చాడు, గ్రూపులో చేర్చిందీ అతనే. నేను ఆ కుర్రాడికి ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. తీసేశాడు. అప్పటికి ఆవిడ పేరు పక్కన రెండు నీలం టిక్కులు పడిపోయాయి.

ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత వచ్చిన సత్యనారాయణ వ్రతానికి వచ్చారు. చేతిలో పర్సు లేదు. భోజనంలో లడ్డూ వడ్డిస్తే, విస్తట్లోంచి పక్కకి జరిపి, "షుగరు కదమ్మా" అన్నారు. ఆవిడకి షుగరు లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికే నా పుస్తకంలో ఆవిడ కథ సగం ఉంది. లడ్డూలు, రుమాలు, ఫ్రిజ్‌లో డబ్బా, తాళంచెవి అన్నీ ఉన్నాయి. ఆ కుర్రాడు ఫోనుతో చూశాడు, నేను పెన్నుతో చూస్తున్నాను, ఏమిటి తేడా? నేను ఆవిణ్ణి అర్థం చేసుకుంటున్నాను కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ పత్రికలో అచ్చయితే ఆ నలభై ముగ్గురూ చదువుతారు. "మన అత్తయ్యే!" అంటారు. మా ఆడపడుచు మొదటి రెండు పేజీలు చూసి, "వదినా, బావుంది. కానీ అత్తయ్య బయటికి రావడం మానేస్తుంది" అంది. రచయిత్రికి స్వేచ్ఛ ఉండాలని మేం సెమినార్లలో విన్నాం, నిజమే. కానీ ఆ స్వేచ్ఛకి లెక్క కట్టేది డెబ్బై రెండేళ్ళ ఆవిడ అయితే?

లడ్డూ తీసేశాను. తీసేశాక తెలిసింది, అది తీస్తే దాని స్థానంలో వచ్చేది కూడా అంత బరువుదే కావాలని. బంగారం దాచుకుంటుంది అని రాస్తే అది వేరే మనిషి. పాత చీరలు అంటే అందరూ దాస్తారు. చిన్నదై ఉండాలి, పైసా విలువ లేనిదై ఉండాలి, చూసినవాళ్ళు నవ్వేదై ఉండాలి. వారం రోజులు ఇడ్లీపిండి రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ అదే ఆలోచన. చివరికి సబ్బులు దొరికాయి. తీర్థయాత్రలకి వెళ్ళినప్పుడు హోటలు గదుల్లో ఇచ్చే చిన్న సబ్బులు. నా కథలో ఆవిడ రిటైరైన టీచరు భార్య, ఊరు వేరు, ఒక్కగానొక్క కోడలు. హోటలు సబ్బులు బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చి బీరువాలో చీరల మధ్య పెట్టుకుంటుంది. తను మాత్రం అరిగిపోయిన సబ్బు ముక్కని ఇంకో ముక్కకి అంటించి వాడుకుంటుంది.

విచిత్రం ఏమిటంటే సబ్బులు వచ్చాక ఆవిడ నాకు అత్తయ్యగారి కంటే బాగా తెలిసింది. ఆవిడ బీరువా తలుపు తీస్తే వచ్చే వాసన తెలిసింది. కోడలు సబ్బు కొత్తది విప్పినప్పుడల్లా ఆ కాగితాన్ని మడిచి దాచడం తెలిసింది. అది నేను ఎవరిలోనూ చూడలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే చెప్పలేను. చివర మాత్రం కుదరలేదు. మనవరాలు బీరువా తెరిచి సబ్బులన్నీ చూస్తుంది. అక్కణ్ణుంచి ముందుకి కదల్లేదు. ముసలావిడ ఒకటి విప్పి వాడుకుంటే? కళ్ళు తుడుచుకుంటే? ఏది రాద్దామన్నా సీరియల్లాగే ఉంది.

శ్రావణమాసంలో వాయనం ఇవ్వడానికి రావులపాలెం వెళ్ళాను. పని అయ్యాక, "ఒక కథ రాశాను, చివర లేదు, వింటారా అత్తయ్యగారూ" అన్నాను. వీధి అరుగు మీద కూర్చుని, వత్తులు చేసుకుంటూ విన్నారు. ఎక్కడా ఏమీ అనలేదు. సబ్బు ముక్కలు అంటించే దగ్గర మాత్రం, "తడి మీద అంటించాలి, లేకపోతే ఊడిపోతుంది" అన్నారు. మనవరాలు బీరువా తెరిచే వరకూ చదివి ఆపాను.

"ఇప్పుడు ఆవిడ ఏం చేస్తుందండీ? ఒకటి వాడుకుంటుందా?"

"వాడదు" అన్నారు, ఆలోచించకుండానే. ఇంకో నాలుగు వత్తులు చేశారు. "ఎవరైనా అడిగితే ఇచ్చేస్తుంది. అన్నీ ఇచ్చేస్తుంది. ఆవిణ్ణి ఎవరు అడుగుతారు?"

ఆ తర్వాత బస్సు టైమవుతుందని తొందర పెట్టారు. పెరట్లో కోసిన కాకరకాయలు సంచీలో వేసి ఇచ్చారు.

ఇంటికొచ్చి చివరి పేజీ రాశాను. మనవరాలు సబ్బులు చూస్తుంది, తలుపు మూసేస్తుంది, అడగదు. నానమ్మ పక్కగదిలోంచి ఆ తలుపు చప్పుడు వింటుంది. అంతే. కథ ఒక పత్రికకి పంపాను, వాళ్ళ నుంచి ఇంకా జవాబు లేదు. మా ఆడపడుచు చదివి, "సబ్బులావిడ ఎవరు వదినా, మీ పుట్టింటి వైపా?" అని అడిగింది.